వంటయింటి కొలత



గడచిన మాసమున పప్పుధాన్యములు పురుగుపట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించుకొంటిమి. నిలువచేయు వస్తువుల మాట చెప్పితిని గాని, అవి నిలుచు చోటి మాట చెప్పకపోతినే యని తోచి, ఈ మాసము వంటయింటిని గూర్చియే వ్రాయ సంకల్పించితిని. ఇది విని చెప్పు మాట కాదు. ఈ యేడు మాఘ ఫాల్గుణములలో మా పాత వంటయింటిని మా చేతులతో మేమే బాగుచేసికొంటిమి. అందు చేసిన పనులను, చేసిన రెండు తప్పులను, అయిన వ్యయమును దాచక మీ యెదుట నుంచెదను.

మా యిల్లు తెనాలి ప్రాంతమునందలి పెంకుటిల్లు. మా మామగారి తండ్రిగారు కట్టించినది. వంటయిల్లు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. తూర్పున ఒక చిన్న కిటికీ, చూరు క్రింద పొగ పోవుటకు రెండు రంధ్రములు, ఒక మూల గాడిపొయ్యి, దాని ప్రక్కన నేలలో పాతిన రోలు, గోడలో నాలుగు గూళ్లు, పైన మసిపట్టిన అటక. నేడు చూచినవారు దానిని చీకటికొట్టు అందురు. కాని కట్టించినవారు తెలివిలేక అట్లు కట్టించలేదు. నాడు కట్టెలతో వంట. వండువారు పీటపై కూర్చుండి వండెడివారు. కూర్చున్న మనిషి చేయి చాచినంత దూరమున పొయ్యి, రోలు, కత్తిపీట, నీళ్లబిందె అమరియుండెడివి. కిటికీయు కూర్చున్నవారి చేతులపై వెలుతురు పడునంత ఎత్తుననే యుండెను. అది కూర్చుండు మనిషి కొలతతో కట్టిన వంటయిల్లు.

పిమ్మట గ్యాసు వచ్చినది. 1999లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకమును, 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల యోజనను ప్రారంభించుటచే బీదయిండ్లకు సహితము గ్యాసు పొయ్యి చేరినది. కండ్ల నీరు తెప్పించు పొగ తగ్గినది. అది గొప్ప మేలు. అయినను పలుయిండ్లలో పొయ్యి మారినది గాని గది మారలేదు. మా యింటను గ్యాసు పొయ్యిని ఒక పాత చెక్కబల్లపై నిలిపిరి. నాటినుండి వండు మనిషి నిలుచున్నది. తక్కిన వస్తువులన్నియు కూర్చుండియే యున్నవి. ఉప్పు కావలసిన వంగవలెను, నీరు కావలసిన వంగవలెను, కూర తరుగవలసిన నేలపై చతికిలబడి మరల లేవవలెను. ముప్పదియైదేండ్లయిన నిండని నాకు సాయంకాలమగుసరికి నడుము పట్టుచుండెను.

మా వారు ప్రైవేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులు. మా రాబడి యెంతయో మీ రూహింపగలరు. పట్టణమున వంటయిండ్లు అమర్చు వారొకరిని పిలిచి అడుగగా 1,60,000 రూపాయలగునని లెక్క వ్రాసి యిచ్చిరి. ఆ కాగితమును చూచి నేను నా చేతి గాజులవైపు చూచుకొంటిని. బ్యాంకులో కుదువపెట్టిన నాలుగేండ్లలో తీర్పవచ్చునని మా వారితో మెల్లగా అంటిని. వసారాలో ఆకుకూర బాగుచేయుచున్న అత్తగారు ఆ మాట విని, "అన్నము ఉడుకుటకు గాజులు కరగింపవలెనా యమ్మాయీ?" అనిరి. ఆ మాటతో ఆ తలపు మానుకొంటిని. చీటీ పాడగా వచ్చిన 22,000 రూపాయలు చేతనున్నవి. అంతకు మించి ఒక్క రూపాయియు పెట్టరాదని నిశ్చయించుకొంటిమి.

మొదటి వారము ఏ వస్తువును కొనలేదు, ఏ గోడను ముట్టలేదు. మా వారి పాఠశాల సుద్దముక్క నొకదానిని గూటిలో నుంచుకొని, వండునపుడు ఎక్కడికెన్ని మారులు పోవుచున్నానో గోడపై గీతలు గీచితిని. ఒక్క పూట వంటకు నీళ్లబిందెకును పొయ్యికిని నడుమ 31 మారులు నడిచితిని. పండుగకు గాని దింపని ఇత్తడి గంగాళములు చేతికందు గూటిలో నున్నవి. దినమునకు పదిమారులు వలయు పోపులపెట్టె వంగినగాని అందని చోట నున్నది. గంగాళములను అటకపైకి పంపి, పోపులపెట్టెను పొయ్యి ప్రక్క గూటికి చేర్చి, బిందెల తావు మార్చితిని. సగము శ్రమ ఆనాడే తీరినది. దీనికి సుద్దముక్క తప్ప వ్యయము లేదు. మీరేమి చేయదలచినను ముందుగా ఈ వారము పని చేయుడని నా ప్రార్థన. చూడకుండ కొన్న వస్తువు చోటును తినును గాని శ్రమను తగ్గింపదు.

తరువాత గట్టు ఎత్తు. విరాటుని కొలువున భీముడు వలలుడను పేర వంటచేసెనని చిన్ననాట మా తాతగారి యొద్ద చదివితిని గాని, ఆ వంటశాల గట్టు ఎంత ఎత్తుండెనో ఎచ్చటను చదివిన గుర్తు లేదు. కావున అనుభవముచే తెలిసికొన్నదే చెప్పెదను. నిటారుగా నిలుచుండి, మోచేతిని మడచి, నేలనుండి మోచేతి వఱకు కొలిపించుకొనుడు. అందు 4 మొదలు 6 అంగుళముల వఱకు తీసివేసినచో కూర తరుగుటకు తగిన ఎత్తు తేలును. నేను 5 అడుగుల 1 అంగుళము ఎత్తు. నా మోచేయి 38 అంగుళములు. నాకు 33 అంగుళముల గట్టు సరిపడినది. పొయ్యి యుంచు చోట ఇంకను తగ్గవలెను. ఏలయన గట్టు ఎత్తునకు పొయ్యి ఎత్తు, దానిపై గిన్నె ఎత్తు కలియును. అచ్చట 30 అంగుళములే యుంచితిమి. తాపీమేస్త్రి ఆశ్చర్యపడి, "ఊరంతటికి ఒకే ఎత్తు కట్టుచున్నాము తల్లీ" అనెను. "ఊరంతయు వచ్చి మా యింట వండదు గదా నాయనా" అంటిని. ఇటుకలు ఊరక పేర్చి, వానిపై పలక నుంచి, ఒక పూట బెండకాయలు తరిగి చూచుకొన్న పిమ్మటనే సిమెంటు కలుపనిచ్చితిని.

గట్టుపై వేయు రాతిని గూర్చి ఒక మాట. కడపరాయి, బేతంచెర్ల రాయి చవుక. కాని యవి సున్నపురాతి జాతి. నిమ్మరసమో చింతపండు పులుసో పడి నిలిచినచో మెఱుగు చెడి మచ్చపడును. పులుపు లేని వంట మన యిండ్ల నుండునా? గ్రానైటునకు ఆ బాధ లేదు. కొత్త పలక వెల మాకందదు గాని, రాతికోత దుకాణములలో పెద్ద పలకలు కోయగా మిగిలిన తునుకలుండును. రెండడుగుల వెడల్పు గల మూడు తునుకలు బేరమాడి తెచ్చితిమి. రంగులు కొంచెము వేఱు. అతుకు సింకు దగ్గర రాకుండ చూచుకొంటిమి. నీరు దిగునది అచ్చటనే గదా. రాతి అంచును గోడకంటె ఒక అంగుళము ముందుకు జరిపి, క్రిందివైపు సన్నని గాడి తీయించితిమి. జాఱిన నీరు గోడవెంబడి పాఱక ఆ గాడియొద్దనే క్రింద పడును. గట్టు క్రింద కాలివ్రేళ్లు పట్టునంత లోతు విడిచితిమి. అట్లు విడువనిచో మనిషి ముందుకు వంగియే నిలుచును. కట్టిన ఇటుకపనిని ఏడు దినములు తడుపు పని పిల్లలు వంతులవారీగా చేసిరి.

గోడలకు సున్నము నేనే వేసితిని. నా మొదటి తప్పు ఇచ్చటనే. ఉత్సాహము కొలది, చీపురుతో దులిపి, అట్లే సున్నము పూసితిని. మూడు దినములు తెల్లగా నుండి, నాలుగవనాడు గాడిపొయ్యి గోడపై పసుపుపచ్చని చాఱలు తేలినవి. ఏండ్ల తరబడి పట్టిన మసియు నూనెజిడ్డును లోన నుండగా సున్నము గోడను పట్టదు. మరక పైకి వచ్చును. అంతయు గీకి, వేడినీటిలో బట్టల సోడా కరగించి కొబ్బరిపీచుతో తోమి, మంచినీటితో కడిగి, రెండు దినములు ఆఱనిచ్చి, మరల పూయుటకు ముందు గోడను కొంచెము తడిపి, పలుచగా మూడు పూతలు వేసితిని. ఈ మారు నిలిచినది. పూత చిక్కగా నున్నచో పొలుసులై రాలును. సున్నపురాళ్లను నీటిలో వేయవలెను గాని రాళ్లపై నీరు కుమ్మరింపరాదు. అది బుసబుస పొంగి కాగును. ప్లాస్టిక్ బకెట్టు పనికిరాదు. కంటిలో పడినచో చూపునకే ముప్పు. కావున కండ్లద్దములు పెట్టుకొని, చేతులకు తొడుగులు వేసికొని, పిల్లలను దూరముగా పంపి ఆ పని చేయుడు. సింకు వెనుక గోడకు మాత్రము టైల్సు దుకాణమున మిగిలిపోయిన పెట్టెలు కొని, రెండు రంగులు కలిపి అతికించితిమి.

వెలుతురు, గాలి. పాత దీపము నా వెనుక గోడ నుండుటచే నా నీడయే కత్తిపై పడుచుండెను. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమొకటి పూర్వపు 60 వాట్ల బల్బు వెలుగునకు ఇంచుమించు సమానము. అట్టివి రెండింటిని ముందు గోడకు, కన్నులకు తగులకుండ మార్పించితిమి. చూరు క్రింది పొగరంధ్రములలో నొకదానిని కొంచెము వెడల్పుచేసి ఎగ్జాస్టు ఫ్యాను అమర్చితిమి. అది తిరుగునపుడు ఎదుటి తలుపు తెరచియుండవలెను. లోనికి గాలి రానిదే లోని గాలి పోదు. విద్యుత్తు పనిని తెలిసిన పనివానిచేతనే చేయించితిమి. ఎర్తింగు సరిగా నున్నదని చూపించుకొని, కుళాయికి స్విచ్చులను దూరముగా పెట్టించితిమి. పొదుపు పేర మన చేయి పెట్టరాని చోటులలో ఇది మొదటిది.

రెండవది గ్యాసు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో పైకి పోక నేలమట్టమున నిలుచును. కావున సిలిండరును తలుపులు బిగించిన బీరువాలో నుంచరాదు. గాలియాడు చోట నిటారుగా నిలిపి, పొయ్యిని దానికంటె ఎత్తున నుంచవలెను. రబ్బరు ట్యూబు ఒకటిన్నర మీటరునకు మించరాదు, గోడలోనుండి పోనీయరాదు, అయిదేండ్లకొకమారు మార్పవలెను. మా ట్యూబుపై ముద్రించిన గడువు దాటి రెండేండ్లయినది! ఎన్నడును చూడనే లేదు. మీరును ఈ పుట ముగించిన వెంటనే పోయి చూడుడు. వాసన వచ్చినచో దీపము వేయుటయు, ఆర్పుటయు, ఫ్యాను ముట్టుటయు కూడదు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఇట్లు అయిదు వారములకు పని ముగిసినది. వంటయిల్లు తెల్లగా వెలుగుచుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. అత్తగారును మెచ్చుకొనిరి. కాని వారము తిరుగకుండ నొక సంగతి గమనించితిని. ఆమె వంటయింటిలో లేరు. గాడిపొయ్యి తీసివేసి, రోలు పెరటికి చేర్చి, ఆమె కూర్చుండు కిటికీ క్రింది చోట నేను డబ్బాల బల్ల నిలిపితిని. ఆమె కత్తిపీటను వెనుక వసారాలోనికి కొనిపోయి కూర తరుగుచుండిరి. తొమ్మిది గంటలకు అచ్చట ఎండ వచ్చును. అప్పుడు లేచి గుమ్మమున నిలిచి, "నేను చేయదగిన పనియేదైన ఉన్నదా?" అని యడుగుచుండిరి. ఆ యింట 45 ఏండ్లు వండి పెట్టిన మనిషి చుట్టపుచూపుగా వచ్చినదానివలె అడుగుచుండెను.

ఆ రాత్రి ఆమె యొద్ద కూర్చుండి, "అత్తయ్యగారూ, వంటయింట ఏమి లోపమున్నదో చెప్పుడు" అంటిని. "లోపమేమియు లేదు. అంతయు బాగున్నది. నేను కూర్చుండుటకే చోటు లేదు" అనిరి. నిష్ఠురముగా అనలేదు. అందుచేతనే నా కామాట ముల్లువలె నాటినది. నేను గట్టును నా మోచేతితో కొలిచితిని. ఆ గదిలో మఱియొక దేహమున్నదని కొలువ మఱచితిని. ఇది నా రెండవ తప్పు. సున్నపు చాఱలవలె గీకివేయుటకు వీలైన తప్పు కాదు.

ఆ దినములలోనే జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ వంటయింటిని గూర్చి చదివితిని. 1926లో మార్గరేటె షూట్టె-లిహోట్‌స్కీ యను ఆస్ట్రియా స్త్రీ, గృహశిల్పి, పనివారల యిండ్లకొఱకు దానిని రచించెను. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు మాత్రమే. అడుగులు లెక్కించి, చేతులు చాపు దూరములు కొలిచి అమర్చినది. అట్టివి ఇంచుమించు 10,000 కట్టిరట. అందు రెండు సంగతులు నన్ను పట్టి నిలిపినవి. ఒకటి, కిటికీ యెదుట కూర్చుండి పనిచేయుటకు ఒక పీట. రెండు, ఆ వంటయింట ఒక్కరికి గాని చోటు లేకుండుట. మొదటిది మనము గ్రహింపదగినది. రెండవది మన యిండ్లకు సరిపడనిది. మన వంటయిండ్లలో ఒక్కరు వండుట అరుదు. అత్తగారో, తల్లియో, కూతురో తోడుండును. ఇద్దరు పనిచేయు గదిని ఒక్కరి కొలతతో కట్టిన, రెండవవారు గుమ్మమునకు పోవుదురు.

మఱునాడే డబ్బాల బల్ల తీసివేసితిమి. మిగిలిన ఇటుకలతో కిటికీ క్రింద 15 అంగుళముల ఎత్తు, 3 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గల అరుగు కట్టించి, పైన బేతంచెర్ల రాయి పఱపించితిమి. ఆ యెత్తును ఆమె మోకాలితో కొలిచితిని. నేలనుండి లేచుట కష్టమైన మోకాళ్లకు ఆ యెత్తునుండి లేచుట సులువు. కత్తిపీటయు, ఆకుకూర చాటయు ప్రక్కననే పట్టును. అరుగునకు తగులకుండ సిలిండరును ఎదుటి మూలకు మార్చితిమి. పైన ఒక కొయ్య పట్టుగఱ్ఱ బిగించితిమి; లేచునపుడు చేతికి ఆధారము.

ఇక లెక్క. గట్టు ఇటుక, సిమెంటు, ఇసుక 2,900. గ్రానైటు తునుకలు, కోతకూలి 2,400. తాపీపని కూలి 3,200. సింకు, కుళాయి, గొట్టములు, కూలి 4,300. టైల్సు, తెల్ల సిమెంటు 1,300. ఫ్యాను, దీపములు, తీగెలు, కూలి 3,900. సున్నము, సోడా, కుంచెలు 700. పాత తలుపు చెక్కలతో అరలు చేసిన వడ్రంగికి 1,600. మొత్తము 20,300 రూపాయలు. అరుగునకు 900. వెరసి 21,200. మిగిలిన 800 రూపాయలలో ట్యూబు మార్చితిమి. తక్కినది పోపులపెట్టెలోనే యున్నది. ఆ లెక్కలో అన్నిటికంటె చిన్న మొత్తములలో నొకటి అరుగు. ముందే తోచియున్న అదియు సగమునకే వచ్చియుండును. ఒక మనిషి వారము దినములు గుమ్మమున నిలువకయు నుండును.

కావున సోదరీమణులారా, మీ వంటయింటిని బాగుచేయ తలపెట్టినచో ముందు వారము దినములు చూడుడు. పిమ్మట కొలువుడు. మిమ్ము మాత్రమే కాదు, ఆ గదిలో అడుగిడు ప్రతివారిని కొలువుడు. శుభ్రము చేయుటకు ముందు రంగు వేయకుడు. విద్యుత్తునకును గ్యాసునకును తెలిసినవారిని పిలువుడు. అప్పు చేయకుడు.

నేడు ఉదయము నేను ఈ వ్యాసమునకు మాటలు వెదకుకొనుచు పొయ్యి యెదుట పరధ్యానమున నిలుచుంటిని. అరుగుమీదినుండి "పోపు మాడుచున్నదే అమ్మాయీ!" అను కేక వినవచ్చినది. మా చిన్నది నాయనమ్మ ప్రక్కన కూర్చుండి తోటకూర కాడలు ఒలుచుచు నవ్వినది.

వచ్చు మాసము ఇత్తడి, రాగి పాత్రల కళాయిని గూర్చి ముచ్చటించుకొందము.